కింద గోల్ఫు, పైన వాల్ట్జు

థండర్ బే, కెనడా,
జనవరి 8

సైమి హార్యు గారికి,

మీ ఇంటి కింది వాటాలో అద్దెకుంటున్న గార్నెట్ స్లోన్ నమస్కరించి రాయునది. ఇక్కడ నేను క్షేమం. మీరూ క్షేమమేనని పైనుంచి వినిపించే అడుగుల వల్ల తెలుస్తూనే ఉంది.

ఒకే ఇంట్లో ఉంటూ ఉత్తరమేమిటని నవ్వుకోకండి. మెట్ల దగ్గర ఎదురైనప్పుడల్లా చెబుదామనే అనుకుంటాను. కానీ మనం మంచు గురించి మొదలుపెడతాం, మంచు గురించే ముగిస్తాం, ఎవరి గుమ్మంలోకి వాళ్ళం వెళ్ళిపోతాం. నిన్నా అంతే అయింది. అందుకని పక్క గోడలో ఉన్న పాత పాలపెట్టెలో ఇది పెడుతున్నాను. పాలవాడు రావడం మానేసి ఎన్నేళ్ళయిందో గాని, పెట్టె మాత్రం నిక్షేపంలా ఉంది.

విషయమేమిటంటే, ఉద్యోగమంతా గూడ్సు బండ్లు నడిపి రిటైరైన నాకు మిగిలిన పిచ్చి ఒక్కటే, గోల్ఫు. మన ఊళ్ళో గోల్ఫు మైదానం ఏడాదిలో సగం మంచు కింద పడుకుంటుంది. ఆ సగం నేనూ పడుకునే ఉంటున్నాను. మొన్న నాకు చవకలో ఒక గోల్ఫు సిమ్యులేటరు దొరికింది. గది చివర ఒక మందపాటి తెర వేలాడుతుంది. దాని మీద ప్రొజెక్టరు పచ్చటి మైదానం బొమ్మ వేస్తుంది. మనం నిజం కర్రతో నిజం బంతిని తెర మీదికి పంపిస్తే, అది బయట అయితే ఎంత దూరం పోయేదో, ఏ చెరువులో పడేదో పక్కనున్న చిన్న యంత్రం చెబుతుంది. దాన్ని నాకు అమ్మినాయన్ని వాళ్ళావిడ "ఆ యంత్రమో, నేనో, ఎవరు కావాలో తేల్చుకో" అందట. ఆయన ఒక రోజు గడువు అడిగి, బాగా ఆలోచించి, చివరికి ఆవిడనే ఉంచుకున్నాడు.

దాన్ని నా ముందు గదిలో పెట్టుకోవడానికి మీ అనుమతి కావాలి.

ఇట్లు,
మీ కింది వాటా
గార్నెట్ స్లోన్

తా.క. ఆ ఒక రోజు గడువు సంగతి వాళ్ళావిడకి తెలియదు. మీరు చర్చిలో ఆవిడ పక్కనే కూర్చుంటారని విన్నాను. నోరు జారకండి.

&nbsp;

జనవరి 10

గార్నెట్ స్లోన్ గారికి,

మీ ఉత్తరం చేరింది. దస్తూరి చక్కగా ఉంది. రైలు నడిపేవాళ్ళ అక్షరాలు ఊగుతాయేమో అనుకున్నాను.

గోల్ఫుకి నాకేం అభ్యంతరం లేదు. మా పెదనాన్న కొడుకు ఒకడు కార్పెట్ మీద బంతిని కర్రతో మెల్లగా తోసి, పడుకోబెట్టిన కాఫీ కప్పులోకి దొర్లించేవాడు. పక్కనే పిల్లి నిద్రపోతూ ఉండేది. అంతకంటే నెమ్మదైన ఆట నేను చూడలేదు. నిక్షేపంగా ఆడుకోండి.

ఒక్క మనవి. ఆ గది సీలింగు మా ఆయన ఓన్నీ తన చేతులతో బిగించిన దేవదారు చెక్క. ఆయన పోయి ఆరేళ్ళయింది. ఆ సీలింగుని మాత్రం పదిలంగా చూసుకోండి. బంతి నేల మీద దొర్లే ఆటకి సీలింగుతో పనేముందిలెండి, మాటవరసకి రాశాను.

ఇంకో సంగతి. మా సంఘం హాలు మూతపడ్డాక బుధవారం సాయంత్రాలు ఫిన్లాండు నుంచి వచ్చి స్థిరపడ్డ మావాళ్ళం నలుగురైదుగురం మా ఇంట్లోనే డాన్సు చేస్తున్నాం. మాలో వేయికో తిత్తి సాగదీస్తూ అకార్డియన్ వాయిస్తాడు, మేం మూడు లెక్కల వాల్ట్జులూ, గబగబా సాగే రెండు లెక్కల పోల్కాలూ తిరుగుతాం. ఓన్నీ పోయాక నాకు వారమంటే ఆ ఒక్క సాయంత్రమే. మిగతా రోజులు దాని కోసం నిలబడి ఎదురుచూస్తుంటాయి. మీరు దిగి నాలుగు నెలలైనా ఏమీ అనలేదు, ఇప్పుడే మొదటిసారి అడుగులు వినిపిస్తున్నాయని రాశారు. ఇబ్బందైతే దయచేసి చెప్పండి. ఇంకొకరికి అడ్డుగా ఉన్నామని తెలిస్తే మా వాళ్ళకి అన్నం సయించదు.

ఇట్లు,
సైమి హార్యు

తా.క. పాలపెట్టెలో యాలకుల రొట్టె పెట్టాను. అడుగుల గురించి రాశారని లంచం ఇస్తున్నాననుకోకండి. పోనీ, కొంచెం అనుకోండి.

&nbsp;

జనవరి 17

సైమి గారికి,

యాలకుల రొట్టె ముట్టింది. ఇప్పుడు లేదు.

యంత్రం బిగించాను. మొదటి బంతి ఎగిరెళ్ళి తెర మీది చెరువులో పడింది. బొమ్మ చెరువే అయినా నాకు తడిసినట్టే అనిపించింది.

సీలింగు గురించి మీరు రాసింది నా మనసులో నాటుకుపోయింది. రాత్రుళ్ళు పడుకుని దాన్నే చూస్తున్నాను. దానికి అడుగున మెత్తటిది ఏదైనా కొట్టి పెడితే మంచిదని తోచింది. ఊరికే ముందుజాగ్రత్త. ఇలాంటి గదుల కోసమే తయారైన నురగ పలకలు దొరుకుతాయట. ధర కనుక్కున్నాను. ఆ డబ్బు పెడితే ఇంకో సీలింగు, దాని కింద ఇల్లు కూడా వచ్చేలా ఉన్నాయి. పింఛను మీద బతికేవాణ్ణి, చవకలో తేల్చుకోవాలి. మీ దగ్గర గుడ్లు అమర్చే అట్ట ట్రేలు ఏమైనా ఉన్నాయా? చెత్తబండి వచ్చే రోజున మీ డబ్బా ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది కాబట్టి, మీరు ఏదీ పారెయ్యరని ధైర్యం చేసి అడుగుతున్నాను.

మీ
గార్నెట్

తా.క. మొన్న గురువారం సాయంత్రం కింద నుంచి ఢాం అని ఏదైనా వినిపించి ఉంటే అది నేనే. చెప్పుకోదగ్గ విషయమేమీ కాదు. ఏమీ అనుకోకండి.

&nbsp;

జనవరి 19

గార్నెట్ గారికి,

ఆ ఢాం వినిపించింది. బుధవారం మేం డాన్సు చేసిన మర్నాడే వినిపించింది. అర్థం చేసుకోలేనంత మొద్దుని కాను. నోటితో చెప్పడానికి మొహమాటపడ్డారు, అంతే. మీ స్థానంలో నేనున్నా అదే పని చేసేదాన్ని.

గుడ్ల ట్రేలు పంపిస్తున్నాను. మా నేస్తం ఇంపిని అడిగాను, సీలింగుకి గుడ్ల ట్రేలు ఎందుకు కొడతారే అని. "ఎందుకేమిటి, చప్పుడు ఆగడానికి. మా మనవడు డ్రమ్ములు బాదే గదినిండా అవే" అంది. ముందుజాగ్రత్త అని ఎంత మర్యాదగా రాశారు మీరు. అది చదివి నాకు తలెత్తుకోబుద్ధి కాలేదు.

ఈ బుధవారం నుంచి మేం బూట్లు విప్పేసి ఉన్ని మేజోళ్ళతో డాన్సు చేస్తాం. వేయికో అకార్డియన్ మీద దుప్పటి కప్పి వాయిస్తానన్నాడు. మీరు హాయిగా మీ బంతిని దొర్లించుకోండి.

ఇట్లు,
సైమి

తా.క. ట్రేలలో ఒకదాంట్లో ఒక గుడ్డు ఉండిపోయింది. ఏ సంవత్సరందో నాకు గుర్తులేదు. దాన్ని మాత్రం సీలింగుకి కొట్టకండి.

&nbsp;

జనవరి 24

సైమి గారికి,

మేజోళ్ళు వద్దండీ. మీరు పొరబడ్డారు. మీ అడుగుల వల్ల నాకు ఏ ఇబ్బందీ లేదు. నిజం చెబుతున్నాను, బుధవారం కోసం నేనూ ఎదురుచూస్తాను. మీ పాట వింటుంటే నా చెయ్యి కుదురుగా ఉంటుంది, మనసు తేలిగ్గా ఉంటుంది. నా ట్రేలకీ మీ డాన్సుకీ సంబంధం లేదు. అవి సీలింగు కోసం. సీలింగు కోసమే. ఇంతకంటే వివరంగా రాయలేను.

కాకపోతే ఆ ట్రేలు చాల్లేదు. ఒక్క సాయంత్రంలో పిండి పిండి అయిపోయాయి. ఎలా అయ్యాయో అడక్కండి. నా జుట్టులోంచి ఇంకా అట్ట ముక్కలు రాలుతున్నాయి. ఇంకొంచెం దిట్టమైనది కావాలి. పాత కార్పెట్ గాని, కంబళ్ళు గాని, ఎంత మందంగా ఉంటే అంత మంచిది. చిరుగులున్నా ఫరవాలేదు.

మీ
గార్నెట్

తా.క. ఈ బుధవారం పాట నూతిలోంచి వచ్చినట్టు వచ్చింది. వేయికో గారికి ఒంట్లో బాగా లేదా? నాకు మాత్రం ఆ సాయంత్రమంతా చెయ్యి తిన్నగా ఆడలేదు.

తా.క. 2. గుడ్డు దొరికింది. నేను చూసేలోపే దొరికింది. కిటికీలన్నీ తెరిచి పెట్టి, కోటు వేసుకుని ఈ ఉత్తరం రాస్తున్నాను.

&nbsp;

జనవరి 29

గార్నెట్ గారికి,

ట్రేలు చాల్లేదని రాశారు. మేజోళ్ళతో ఆడినా చాల్లేదన్నమాట. మీకు ఇబ్బంది లేదని, మీరూ ఎదురుచూస్తారని కూడా రాశారు. మనిషి అంత తియ్యగా రాశాడంటే లోపల ఎంత ఉడికిపోతున్నాడో నాకు తెలుసు. మా అత్తగారు నా వంటని మెచ్చుకున్న రోజులన్నీ గుర్తున్నాయి.

జరిగింది వినండి. పోయిన వారం మా రెయినో ఉన్ని మేజోళ్ళతో పోల్కా తిరగబోయి జారాడు. ఎనభై దాటిన మనిషి, అడవిలో మహా మహా చెట్లు కొట్టినవాడు, సోఫా మీదుగా వెళ్ళి నా పూలకుండీల మధ్య తేలాడు. లేవదియ్యబోతే, "ఉండండర్రా, లేస్తే చప్పుడవుతుంది. కింద ఆయన పడుకున్నాడేమో" అన్నాడు. పాపం, కాసేపు అక్కడే ఉండిపోయాడు.

నిన్న బుధవారం ఇంకా జాగ్రత్తపడ్డాం. వేయికో అకార్డియన్ తిత్తి తెరవకుండా మీటలు మాత్రం నొక్కాడు. మేం పాట లోపల పాడుకుంటూ, కాళ్ళు ఆనీ ఆనకుండా తిరిగాం. ఇంపి పోల్కా అనుకుంది, నేను వాల్ట్జు అనుకున్నాను, ఇద్దరి నుదుళ్ళూ బొప్పి కట్టాయి. అమ్మా అని కూడా అనలేదు. అంత నిశ్శబ్దంలో కింద నుంచి ఢాం. మేం బొమ్మల్లా నిలబడిపోయాం. కాసేపాగి మళ్ళీ ఢాం.

"ఊపిరి తీసినా వినపడుతోందే ఈయనకి" అంది ఇంపి.

"ఐతే తీయడం మానేద్దాం" అన్నాడు రెయినో.

గార్నెట్ గారూ, చీపురు కర్రతో సీలింగు పొడవనక్కర్లేదు. మా అమ్మ ఇంట్లో కింద ఉండే ముసలాయన అలాగే పొడిచేవాడు, ఆ చప్పుడు నాకు చిన్నప్పటి నుంచీ గుండెల్లో దడ. మాట చెబితే చాలు కదా. వచ్చే వారం నుంచి బుధవారాలు లేవు. మా వాళ్ళకి చెప్పేశాను. వేయికో అకార్డియన్ పెట్టెలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. నాకు చాలా కష్టంగా ఉంది. అయినా మీరు అద్దె ఇస్తున్నారు, మీకు ప్రశాంతత ఇవ్వడం నా బాధ్యత.

కార్పెట్ పంపుతున్నాను. ఓన్నీ వేట గుడిసెలోది.

సైమి

తా.క. దానికి దుప్పి వాసన వస్తుంది. ఓన్నీ ఒకసారి ఒక దుప్పిని దాని మీద పడుకోబెట్టి లాక్కొచ్చాడు. అది చచ్చిపోయిందని ఓన్నీ అనుకున్నాడు. దుప్పి అలా అనుకోలేదు.

&nbsp;

జనవరి 31

సైమి గారికి,

మీ ఉత్తరం ఇప్పుడే అందింది.

చీపురు. అవును. చీపురే. చీపురు కాక ఇంకేముంటుంది. మీరు సరిగ్గానే పట్టారు, నేను చీపురు కర్రతోనే కొట్టాను. వేరే దేనితోనూ కొట్టలేదు.

కానీ అది ఫిర్యాదు కాదండీ. చప్పట్లు.

మా రైల్వేలో అదొక ఆచారం. ఇంజను గదిలో రెండు చేతులకీ పని ఉంటుంది కదా, చప్పట్లు కొట్టడం కుదరదు. అందుకని ఏదైనా మనసుకి నచ్చితే చేతిలో ఉన్న కర్రో కమ్మో పైకెత్తి ఇంజను కప్పుకి ఒక్కటి తగిలిస్తాం. ఎంత గట్టిగా తగిలిస్తే అంత మెచ్చుకున్నట్టు. ఇన్నేళ్ళ అలవాటు చేతిలోంచి పోలేదు. మీరు డాన్సు చేస్తుంటే నా చెయ్యి దానంతట అదే లేచిపోయింది.

కాబట్టి బుధవారాలు ఆపకండి. కాళ్ళు పట్టుకుంటున్నాననుకోండి. బూట్లు వేసుకోండి. మేకులున్న బూట్లయినా సరే. వేయికో గారికి చెప్పి తిత్తి పూర్తిగా తెరిపించండి.

మీ విధేయుడు,
గార్నెట్

తా.క. కార్పెట్ సీలింగుకి కట్టాను. పక్కింటి కుక్క వచ్చి నా గుమ్మం ముందు కూర్చుంది. పొమ్మన్నా పోదు. లోపల దుప్పి ఉందని దాని నమ్మకం, ఆ నమ్మకం వమ్ము చెయ్యడం నా వల్ల కావడం లేదు.

&nbsp;

ఫిబ్రవరి 3

శ్రీ స్లోన్ గారికి,

చప్పట్లని రాశారు. మంచి మనసుతో నమ్ముదామని కూర్చుని లెక్క చూసుకున్నాను.

పోయిన శుక్రవారం నేను వాక్యూమ్ క్లీనరుతో నేల శుభ్రం చేస్తుంటే చప్పట్లు వచ్చాయి. ఇన్నేళ్ళ కాపురంలో నేను వాక్యూమ్ చేస్తే చప్పట్లు కొట్టినవాళ్ళు లేరు. శనివారం పళ్ళ డాక్టరుకి ఫోను చేసి నా కట్టుడు పన్ను గురించి చెబుతుంటే వచ్చాయి. ఆ పన్నులో మీకు ఏం నచ్చిందో తెలియదు. ఆదివారం ఓన్నీ ఫోటో ముందు కొవ్వొత్తి వెలిగించి కళ్ళు మూసుకున్నాను. ఒకటి గట్టిగా వచ్చింది. కొవ్వొత్తి ఆరిపోయింది. నిన్న కుర్చీలో కూర్చుని గోడకేసి చూస్తుంటే కూడా వచ్చింది. అందులో ఏం ప్రతిభ కనిపించింది?

మీరు వెక్కిరిస్తున్నారో, లేక మర్యాద ముదిరి పిచ్చిదాకా వెళ్ళిందో నాకు తేలడం లేదు. ఏదైనా నేను పడలేను. ఈ శుక్రవారం నేను ఇంపి వాళ్ళ ఫ్లాటుకి వెళ్ళిపోతున్నాను. పై వాటా అద్దెకిచ్చేస్తాను. లైబ్రరీలో పనిచేసి మానేసిన ఒకావిడ అడుగుతోంది. మేజోళ్ళ మీద ఇంకో జత మేజోళ్ళు వేసుకుంటుందట. ఆవిడ తుమ్ము కూడా నోట్లోనే నమిలేస్తుందని చెప్పారు. మీకు సరిగ్గా సరిపోతుంది.

ఈ ఇల్లు వదలాలంటే నాకు ప్రాణం ఒప్పుకోవడం లేదు. అయినా బుధవారాలు లేని ఇంట్లో ఉండి చేసేదేముంది.

సైమి హార్యు

తా.క. ఉత్తరం ముగించి పెన్ను కింద పెట్టాను. ఢాం వచ్చింది. ధన్యవాదాలు.

&nbsp;

ఫిబ్రవరి 4

సైమి గారూ,

వెళ్ళకండి. ముందు ఇది చదవండి.

నాకు చీపురు లేదు. ఏనాడూ లేదు. రైల్వేలో అలాంటి ఆచారమూ లేదు.

గోల్ఫంటే మీ పెదనాన్న కొడుకు ఆడిన ఆట ఒక్కటే కాదు. అది చివర్లో వచ్చే చిన్న ముచ్చట. దానికి ముందు, మన నడుము దాటే పొడుగు కర్ర పుచ్చుకుని, దాన్ని వెనకనుంచి తల మీదుగా ఎత్తి, ప్రాణమంతా పెట్టి బంతిని బాదాలి. మీ సీలింగు నా చెయ్యి చాపితే అందుతుంది. మీకు వినిపించిన ప్రతి ఢామూ నా కర్ర ఓన్నీ గారి చెక్కకి తగిలిన చప్పుడు. గుడ్ల ట్రేలూ, కార్పెట్టూ మీ చప్పుడు నాకు వినపడకుండా ఉండటానికి కాదు. నా దెబ్బ ఆ చెక్కకి తగలకుండా ఉండటానికి. దాన్ని పదిలంగా చూడమని మీరు రాశారు. నేనేమో వారం తిరక్కుండానే సొట్ట పెట్టాను. ఆ మాట చెప్పే ధైర్యం లేక చీపురు ఒప్పుకున్నాను, చప్పట్లు కల్పించాను. ముప్పై ఏళ్ళు అన్ని వ్యాగన్లని ఒక్కణ్ణీ లాగినవాణ్ణి, ఒక్క నిజం లాగలేకపోయాను. సిగ్గుగా ఉంది.

ఇంకొకటి ఉంది, అదే అసలైనది. బుధవారం మీరు డాన్సు చేసేటప్పుడు నా కర్ర ఒక్కసారి కూడా సీలింగుకి తగల్లేదు. మీ వాల్ట్జులో ఒకటి, రెండు అనేసరికి కర్ర నింపాదిగా లేస్తుంది, మూడుకి దిగుతుంది. బంతి గీత గీసినట్టు పోతుంది. నా జన్మలో నాకు అలా రాలేదు. పాట లేని రోజున తొందరపడతాను, కర్ర పైకి పోతుంది, ఢాం. మీరు అది విని పాట తగ్గించారు, నాకు తాళం తప్పింది, ఇంకా గట్టిగా తగిలింది. మీరు పాట ఆపేశారు, ఇక నేను రోజూ బాదుతూనే ఉన్నాను. మీరు ఎంత నెమ్మదిగా ఉంటే నేను అంత మోతగా తయారయ్యాను.

అందుకే మీ డాన్సు నాకు ఇష్టమని రాసింది మర్యాద కాదు. ఈ ఉత్తరాల్లో నేను రాసిన నిజం అదొక్కటే, మీరు నమ్మనిదీ అదొక్కటే.

నేను ఈ పూటే కెనోరాలో మా చెల్లెలింటికి వెళుతున్నాను. వచ్చే వారాంతానికి తిరిగొస్తాను. తాళంచెవి ఇందులోనే పెట్టాను. కార్పెట్ ఎత్తి సీలింగు చూడండి. ఒక పలక చీలింది కూడా. చూశాక ఖాళీ చెయ్యమంటే చేస్తాను. వెళ్ళాల్సింది నేను, మీరు కాదు. బుధవారాలు మాత్రం ఆపకండి.

గార్నెట్

తా.క. వాక్యూమ్ చేసిన రోజున తగిలింది నా తప్పే అయినా, ఆ వాక్యూమ్ మోత పోల్కా తాళానికి దగ్గరగా ఉంది. ప్రయత్నించాను. కుదరలేదు.

&nbsp;

ఫిబ్రవరి 12

గార్నెట్‌కి,

గారు తీసేశాను, గమనించే ఉంటావు. ఇన్ని దెబ్బలు కొట్టినవాడితో ఇంకా మన్ననలేమిటి.

నీ ఉత్తరం ఇంపి ఫ్లాటులో అందరికీ చదివి వినిపించాను. చప్పట్ల దగ్గర రెయినోకి కాఫీ ముక్కులోంచి వచ్చింది. మేం నవ్వుతుంటే కింది ఫ్లాటువాళ్ళు నిజంగానే చీపురు కర్రతో పొడిచారు. దానికి ఇంకా నవ్వాం. చివరికి ఆ ఇంట్లో ఉండలేక అందరం కలిసి నీ తాళంచెవి పుచ్చుకుని మనింటికి వచ్చేశాం. లైబ్రరీ ఆవిడకి రావద్దని ఫోను చేశాను. ఆవిడ జవాబు చెప్పిందో లేదో నాకు వినపడలేదు.

సీలింగు చూశాను. కార్పెట్ ఎత్తేటప్పుడు నాకు ఏడుపొస్తుందనే అనుకున్నాను. ఓన్నీ ఆ చెక్క బిగించేటప్పుడు నేను నిచ్చెన పట్టుకుని నిలబడ్డాను. ఆయన సుత్తి దెబ్బల్లో సగం మేకుకి తగిలేవి కాదు. ఆ గదంతా ఆయన సొట్టలే. ఏవి ఆయనవో, ఏవి నీవో చాలాసేపు మెడ నొప్పెట్టేలా చూశాం, తేల్చలేకపోయాం. చీలిన పలక కూడా ఆయనదే, దాన్ని పుట్టీతో దాచింది నేనే. అప్పుడు ఏడుపొచ్చింది, కానీ నవ్వుతూ వచ్చింది. నువ్వు ఎక్కడికీ పోనక్కర్లేదు.

ఇక నీ మీద నాకున్న అసలు కోపం చెబుతాను, విను. చూసి వెళ్ళిపోదామంటే రెయినో వినడే. "ఒక్క బంతి కొడతాను, చెట్టు కొట్టినట్టే కదా" అన్నాడు. కొట్టాడు. తెర మీద బంతి చెరువు దాటిపోయింది, యంత్రం ఏదో అంకె చూపించింది. తర్వాత ఇంపి కొట్టింది. అంతే, వాళ్ళకి పట్టుకుంది. రోజూ పొద్దున్నే వచ్చి నీ గుమ్మం దగ్గర ఆ కుక్క పక్కన నిలబడుతున్నారు. ఇంపి ఏకంగా ఒక చేతి తొడుగు కొనుక్కుంది.

నిన్న బుధవారం. నేను కాఫీ పెట్టి, బూట్లు మెరిసేలా తుడుచుకుని, సోఫా గోడకి జరిపి కూర్చున్నాను. ఒక్కరూ పైకి రాలేదు. కింద నుంచి వేయికో అకార్డియన్ వినిపించింది. తిత్తి బాగా తెరిచి వాయిస్తున్నాడు. మెట్లు దిగి చూస్తే, అందరూ వరసలో నిలబడి, "ఒకటీ, రెండూ" అనుకుంటూ కర్రలెత్తుతున్నారు. నీ ఉత్తరంలో చదివారు కదా, వాల్ట్జు తాళానికి కొడితే బంతి తిన్నగా పోతుందని. "సైమీ, నువ్వూ వరసలో నిలబడు" అంది ఇంపి. నేను డాన్సు గురించి అడిగితే, "వచ్చే వారం చూద్దాంలే, ఈలోపు నేనీ తెర మీది ఇసక గుంట దాటాలి" అంది.

కాబట్టి నా బుధవారం మళ్ళీ పోయింది. ఈసారి పోగొట్టింది అచ్చంగా నువ్వే. నువ్వే తెచ్చిపెట్టాలి. నా తీర్పు ఇది. బుధవారం సాయంత్రాలు నీ యంత్రం మా వాళ్ళది. వేయికో కిందే వాయిస్తాడు, పాట నేలలోంచి పైకి బాగానే వస్తోంది, నిన్న ఒక్కదాన్నీ కూర్చుని విన్నాను. పైన నాకు జోడీ లేదు. ఏడు గంటలకల్లా బూట్లు తుడుచుకుని నువ్వు పైకి రావాలి. డాన్సు రాదని సాకులు చెప్పకు. ఒకటి, రెండుకి లేచి మూడుకి దిగడం నీకు వచ్చని నువ్వే రాసి సంతకం పెట్టావు.

సైమి

తా.క. నువ్వు ఇన్నాళ్ళూ వెతికిన చవకైన ఉపాయం దొరికింది. రెయినోకి భుజాలు పట్టేశాయి, ఇంపికీ అంతే. ఎవరి కర్రా చెవి దాటి పైకి లేవదు. సీలింగుకి కీళ్ళవాతాన్ని మించిన రక్షణ లేదు, పైసా ఖర్చు లేదు. కార్పెట్ విప్పేసి కుక్కకి ఇచ్చేశాను.

తా.క. 2. నేను ముందుకి వస్తే నువ్వు వెనక్కి వెళ్ళాలి. తడబడి గట్టిగా అడుగేసినా ఫరవాలేదు. ఆ సీలింగు ఇప్పుడు మన కాళ్ళ కింద ఉంటుంది.